బెరడు తలుపు

వెర్మాంట్ కొండల్లో రేకు పనివాడు అసాహెల్ హాస్కెల్ ఇంటి వంటగది. 1881 అక్టోబరు, మధ్యాహ్నం. అసాహెల్ పట్టి పంపే చుంచెలుకల మీద పుస్తకం రాసిన, ఇరవై రెండేళ్ళుగా ఉత్తరాల్లో తప్ప ఎదురుపడని ప్రొఫెసర్ ఫార్నమ్ బోస్టన్ నుంచి బురద తొక్కుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అసాహెల్ అక్క కెజీయా కూడా అక్కడే ఉంది, ఆవిడ నోరు కట్టేసుకునే మనిషి కాదు.

"…దారిలోనే ఉంది కదా, ఒకసారి చూసి పోదామని ఆగాను. అంతే. ఇరవై రెండేళ్ళ స్నేహం మనది. ముఖాలు చూసుకోకుండానే పోతామా ఏమిటి, అసాహెల్ గారూ?"

"ఏ దారిలో ఉంది, ప్రొఫెసరు గారూ?"

"అంటే… అర్థం కాలేదమ్మా."

"మా ఇంటితో దారి ఆఖరు. అవతల కొండ. దాని అవతల ఇంకో కొండ. ఎక్కడికి పోతూ ఆగారా అని అడుగుతున్నా."

"అక్కా! మనిషిని ఊపిరి తీసుకోనీ. స్టేషన్ నుంచి మూడు గంటలు బండిలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చారు."

"నేను వద్దన్నానా? తీసుకోండి ప్రొఫెసరు గారూ, ఊపిరి తీసుకోండి, ఆపిల్ పండ్లు కూరి కాల్చిన పై రొట్టె తీసుకోండి. పక్కన చీజ్ ముక్క ఉంది, అదీ తీసుకోండి. ఒరే అసాహెల్, నువ్వు నిలబడ్డావేంరా? నీ ఇల్లే ఇది, కూర్చో."

"మీరు ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నాను, అసాహెల్ గారూ. మీ ఉత్తరాలు చదువుతుంటే ఆరడుగుల మనిషి కనిపించేవాడు."

"చుంచెలుకల కోసం పొట్ట మీద పాకీ పాకీ అరిగిపోయి ఉంటాను లెండి."

"బాగుంది, బాగుంది! ఇల్లు మాత్రం నేననుకున్నట్టే ఉంది. పుర్రెలు ఉడకబెట్టి శుభ్రం చేసేది ఇక్కడేనా?"

"ఈ పొయ్యి మీదే. మీరు తింటున్న పై రొట్టె కూడా ఈ పొయ్యిలోనే కాల్చాను."

"అక్కా!"

"గిన్నె వేరులేరా. తినండి, భయపడకండి. చుంచు పుర్రె బఠాణీ గింజంత ఉంటుంది. దాన్ని ఉడకేసి, సూదితో గీరి, ఒక్క పన్ను ఊడకుండా దూదిలో పెట్టి మీకు పంపేదాన్ని. ఇక రమ్ము సంగతి చెప్పమంటారా? ఈ జిల్లా మద్యనిషేధ సంఘానికి కార్యదర్శిని నేను. రమ్ము పీపాలు దిగేదేమో మా వాకిట్లో! చుంచులు కుళ్ళకుండా ఊరబెట్టడానికిరా నాయనా అంటే ఎవడు నమ్ముతాడు? మా తమ్ముడు తాగుడు మానాలని పాస్టరు గారు మూడు ఆదివారాలు ప్రార్థన పెట్టించాడు."

"సగం పీపా రైలు వాళ్ళే తాగేసేవారమ్మా. మాకు చేరేసరికి లోపల చుంచులు ఎండిపోయి గలగలమనేవి."

"చుంచులు ఊరిన రమ్మా? తాగారా?"

"తాగారు."

"వాళ్ళకదే శాస్తి."

"ఆ రోజులే వేరమ్మా. మీ పెట్టె వచ్చిందంటే నేను భోజనం మానేసి నేలమాళిగలోకి పరిగెత్తేవాణ్ణి. మేము నాలుగు గోడల మధ్య కూర్చునేవాళ్ళం. మెదడు మాదైతే కళ్ళు మీవి. ఎప్పుడూ అనుకుంటాను, అసాహెల్ గారు లేకపోతే నేను గుడ్డివాణ్ణి అని."

"అనుకున్నారా? ఎక్కడా రాసినట్టు లేదే."

"…అన్నట్టు అసాహెల్ గారూ, నేను రాసిన ఉత్తరాలు మీరు దాచారా?"

"అన్నీ ఉన్నాయండీ. రేకు పనివాడికి డబ్బాలు కరువా? ఏడాదికొక డబ్బా చేసి పెట్టుకున్నాను."

"మరి మీరు నాకు రాసినవి? వాటికి నకళ్ళు ఏమైనా…"

"అవీ ఉన్నాయి. అక్క రాసి పెట్టేది."

"అన్నిటికీనా?"

"అదీ సంగతి! ఇప్పుడు తెలిసింది, ప్రొఫెసరు గారు ఏ దారిలో పోతున్నారో."

"అమ్మా, మీరు నన్ను అపార్థం చేసుకుంటున్నారు."

"చేసుకోనివ్వండి, ముసలిదాన్ని, నాకు మాత్రం ఇంకేం పని ఉంది? ఏ ఉత్తరం కోసం వచ్చారు?"

"ఉత్తరం అక్కర్లేదు. నాకు ఏ ఉత్తరమూ అక్కర్లేదు. అసాహెల్ గారూ, మీకు మెర్రో తెలుసా? ఫిలడెల్ఫియా మెర్రో."

"ఆయన వ్యాసాలు చూశాను. గబ్బిలాల మీద రాస్తారు."

"గబ్బిలమే వాడు! అన్నీ తలకిందులుగానే చూస్తాడు. నా పుస్తకంలో బెరడు తలుపు సంగతి ఉంది చూడండి, అది నాది కాదంటున్నాడు. మీ దగ్గర కొట్టేశానంటున్నాడు. కొట్టేశానట, నేను! మా మ్యూజియం గుమాస్తా ఒకడు నోరు జారాడు, మీ ఉత్తరం ఏదో చదివానని. అది పట్టుకుని వాడు లండన్ దాకా రాశాడు."

"లండన్‌కు ఎందుకు?"

"పతకం, అసాహెల్ గారూ. అక్కడి శాస్త్రజ్ఞుల సంఘం వాళ్ళు ఈ ఏడు నాకు పతకం ఇస్తామన్నారు. దేనికనుకున్నారు? ఆ తలుపుకే. ఇక్కడ మ్యూజియం అధిపతి పదవి కూడా దాని మీదే ఆధారపడి ఉంది. పదిహేను రోజుల్లో కమిటీ కూర్చుంటుంది."

"ఆ తలుపు సంగతి నాకు సరిగ్గా గుర్తు లేదు. ఒకసారి చెప్పండి. మీ నోట వినాలని ఉంది."

"మీకు గుర్తు లేదా?"

"ముసలివాణ్ణయ్యాను. చెప్పండి."

"సరే. మంచు పడే ముందు చుంచు తన కన్నానికి బర్చ్ చెట్టు బెరడుతో తలుపు పెట్టుకుంటుంది. కోటు గుండీ అంత ఉంటుంది, గుండ్రంగా పళ్ళతో కొరికి చేసుకుంటుంది. ఎండ కాసి మంచు కరిగిన రోజు తోసి వాలుస్తుంది. గడ్డకట్టిన రోజు లాగి నిలబెడుతుంది. బొటనవేలంత ప్రాణికి ఇంటి తలుపు! నా వ్యాసం చదువుతుంటే లండన్‌లో ముసలివాళ్ళు లేచి నిలబడ్డారట."

"మీరు చూశారు."

"చూశాను."

"కళ్ళారా."

"కళ్ళారా! ఫిబ్రవరిలో, మోకాలి లోతు మంచులో, మూడడుగుల దూరం నుంచి."

"ఎక్కడ?"

"మా… మా ఊరి అవతల. అడవి అంచున."

"తలుపు ఎటు వాలింది? లోపలికా, బయటికా?"

"బయటికి. బయటికే. అడుగున గడ్డిపోచలు కీళ్ళలాగా మెలేసి ఉన్నాయి. ముక్కుతో మెల్లగా నెట్టి, ఇటు చూసి, అటు చూసి…"

"గడ్డి కీళ్ళు పుస్తకంలో లేవే."

"రెండో ముద్రణలో వేస్తున్నాను."

"ఒరే, నీ తలుపుకు ఈయన కీళ్ళు కూడా బిగించాడురా! మూడో ముద్రణకు తాళం వేస్తాడు, చూస్తూ ఉండు."

"వేళాకోళం వద్దమ్మా. ఇది నా జీవితం."

"వేళాకోళమా? ఆ తలుపు చూసింది మా తమ్ముడు. డెబ్బై ఏడు చలికాలం. నేను జ్వరంతో మంచం మీదున్నాను. పొద్దున్నే బయటికి పోయి వచ్చి, బూట్లయినా విప్పకుండా ఈ బల్ల దగ్గరే కూర్చుని మీకు రాశాడు. నా మంచం దగ్గరకు వచ్చి చదివి వినిపించాడు. సగం జ్వరం అప్పుడే దిగింది నాకు. లేవగానే నకలు రాశాను. ఏడు పేజీలు."

"ఆయన రాశారు, కాదనను. కానీ అంతకు నెల ముందే నేను చూశాను. చెప్పలేదు, అంతే."

"ఎందుకు చెప్పలేదో?"

"ఇంకా నిర్ధారణ చేసుకుందామని."

"మీరు ముందే చూసి మాకు చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయి? ఉండండి, పుస్తకం ఇక్కడే ఉంది. 'మార్చి నెల బురదలో బోర్లా పడుకుని గంటన్నర కదలక చూశాను. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి.' నలభై ఒకటో పేజీ. ఎవరి బూట్లు?"

"శాస్త్ర గ్రంథాల్లో అదొక రచనా పద్ధతి అమ్మా…"

"బూట్లు వీడివి. పొయ్యి పక్కన ఎండబెట్టింది నేను. సరే, ఇది వినండి. 'మా పిల్లి రోజూ పొద్దున గడప మీద ఒక చుంచును చంపి వదులుతుంది, కంపుకు తినదు.' మీకు పిల్లి ఉందా, ప్రొఫెసరు గారూ?"

"అది…"

"ఉందా, లేదా?"

"నా భార్యకు పిల్లులు పడవు."

"ఒరే, పిల్లిని కూడా వదల్లేదురా ఈయన!"

"పిల్లి పోతే పోయిందక్కా. బూట్లు పోతే పోయాయి. వాటికి నేను ఏడవడం లేదు. ప్రొఫెసరు గారూ, నేను ఒక్కటే అడుగుతాను. డెబ్బై మూడులో అక్క ఒక చుంచును పట్టింది. నేను చూసి మామూలుదే అన్నాను. కాదు, దీని తోక వేరు, పళ్ళ కొసలు వేరు అంది. వారం రోజులు కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కో పన్ను లెక్కపెట్టి బొమ్మ గీసింది. మీకు పంపాం. మీరేమన్నారు?"

"కొత్త జాతి అన్నాను."

"ఇంకా?"

"చాలా ఏళ్ళయింది…"

"'మీ సోదరి చూపుకు నా వందనం. ఈ చుంచుకు ఆమె పేరే పెడతాను.' పదిహేనో డబ్బాలో ఉంది. నాకు కంఠతా వచ్చు. మరి రెండేళ్ళకు అచ్చులో ఏ పేరు వచ్చింది?"

"కోల్‌గ్రోవ్ గారు మ్యూజియానికి కొత్త భవనం కట్టించారు. పరిస్థితులు అలా…"

"కోల్‌గ్రోవ్ చుంచు! రైలు పట్టాలు వేయించే షావుకారు పేరు! ఆయన జన్మలో ఒక చుంచును పట్టాడా?"

"ఒరే, వదిలెయ్యరా. నాకెందుకు ఎలుక పేరు? సమాధి రాయి మీద చెక్కించుకుంటానా?"

"నువ్వు ఊరుకో అక్కా. ఆ పత్రిక వచ్చిన రోజు నువ్వు రొట్టె మాడ్చావు. జన్మలో ఒక్కసారే మాడ్చావు."

"ఆ రోజు పొయ్యి సరిగ్గా లేదు."

"పొయ్యి బాగానే ఉంది."

"తప్పు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు నేనేం చేయగలను? మా కట్టుబాటు మీకు తెలియనిది కాదు. ఒకసారి అచ్చైన పేరు అచ్చైనట్టే. మంచిదో చెడ్డదో, మొదట అచ్చైందే చెల్లుతుంది. నేను పోయినా, మీరు పోయినా, ఆ చుంచు జాతి మొత్తం అంతరించినా కోల్‌గ్రోవ్ పేరే ఉంటుంది."

"తెలుసు. ఆ పేరు రాసేటప్పుడు మా అక్క గుర్తు రాలేదా అని అడుగుతున్నాను."

"బొమ్మల కింద కె. హాస్కెల్ అని వేశాం కదా! అసలమ్మా, మీరు బొమ్మలు ఎందుకు మానేశారు? రెండేళ్ళయింది ఒక్కటి వచ్చి. ఇప్పుడు పెట్టుకున్నవాడు మీసాలు గీస్తే చీపురుపుల్లల్లా ఉంటున్నాయి."

"కళ్ళు ఆనడం లేదు."

"అబద్ధం! కొవ్వొత్తి వెలుగులో నల్ల దారం సూదిలోకి ఎక్కిస్తుంది. కళ్ళు కాదు ప్రొఫెసరు గారూ. మీరు చేసిన పనికి అక్క మనసు విరిగిపోయింది. నాలుగేళ్ళు ఎలాగో లాగింది. తర్వాత కుంచెలన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. ఆ పాపం మీది."

"అసాహెల్! అందుకు కాదని ఎన్నిసార్లు చెప్పాను?"

"మరెందుకో చెప్పు."

"కళ్ళు ఆనడం లేదన్నానుగా. సూది వేరు, చుంచు వేరు. ఆ మాట వదిలెయ్."

"ఆ బొమ్మలు చూసి నేను అసూయపడిన రోజులున్నాయమ్మా. మీరు నమ్మరు. ముప్పై ఏళ్ళుగా నేలమాళిగలో తోళ్ళకు పురుగు పట్టకుండా పాషాణం పూసీ పూసీ నా గోళ్ళు చూడండి, ఎలా అయిపోయాయో. తోళ్ళు, పుర్రెలు, చీటీలు. ఒక్క చుంచునైనా బతికి పరిగెత్తుతుండగా నేను సరిగ్గా చూడలేదు. మీరిద్దరూ గడప దాటితే చాలు, చూసేవారు. ఆ తలుపు లేకపోతే నా పేరు నా వీధిలో కూడా ఎవరికీ తెలియదు."

"అయ్యో పాపం. పిల్లి కూడా లేదాయె."

"అసలు సంగతికి వస్తాను. ఒక కాగితం రాసి తెచ్చాను. అసాహెల్ గారి సంతకం కావాలి."

"చదవండి."

"'వెర్మాంట్ నివాసి అసాహెల్ హాస్కెల్ అను నేను దేవుని సాక్షిగా చెప్పునది ఏమనగా, బెరడు తలుపును నేను కళ్ళారా చూడలేదు. నా ఉత్తరములో రాసినది నా సొంత పరిశీలన కాదు. దానిని చూశానని చెప్పుకొనే హక్కు ప్రొఫెసర్ లూషియస్ ఫార్నమ్ ఒక్కరిదే.'"

"లేవండి."

"అమ్మా…"

"లేవండి కుర్చీలోంచి! పై రొట్టె తిన్నారు, సంతోషం. టోపీ అదిగో. మా తమ్ముడు అబద్ధాలకోరని వాడి చేతనే రాయించుకోవడానికి ఇంత దూరం వచ్చారా? రేకు కొట్టుకుని బతికేవాడు. వాడికి లోకంలో ఉన్నదల్లా వాడి చూపూ వాడి మాటా. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను. తగలేయడానికి ఆ తెప్ప దగ్గరికే వచ్చి నిప్పు అడిగేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా!"

"అక్కా, కూర్చో. ప్రొఫెసరు గారూ, సంతకం చేస్తే?"

"ఒరే!"

"అడగనీ అక్కా. చేస్తే నాకేమిస్తారు?"

"జర్మనీ నుంచి తెప్పించిన సూక్ష్మదర్శిని, కొత్తది. మా సంఘంలో గౌరవ సభ్యత్వం. సీలు వేసిన పత్రం ఇస్తారు, గోడకు తగిలించుకోవచ్చు."

"అవేవీ వద్దు. రెండో ముద్రణ కాగితాలు మీ సంచిలో ఉన్నాయా?"

"ఉన్నాయి. రేపు అచ్చుకు పోవాలి."

"కోల్‌గ్రోవ్ చుంచు పేజీ తీయండి. అడుగున ఒక్క వాక్యం రాయండి. 'దీనిని మొదట గుర్తించినది మిస్ కెజీయా హాస్కెల్.' అంతే. పేరు ఆయనదే ఉండనివ్వండి. ఇక్కడ, నా కళ్ళ ముందు రాయండి. నేను మీ కాగితం మీద సంతకం చేస్తాను."

"నాకొద్దన్నానా!"

"నిన్ను అడగలేదు అక్కా. రాయండి, ప్రొఫెసరు గారూ."

"…కుదరదు."

"ఒక్క వాక్యమండీ. ఇరవై రెండేళ్ళలో మిమ్మల్ని ఇంకేమీ అడగలేదు."

"ఎలా చెప్పను? పుస్తకంలో బొమ్మలన్నీ అచ్చువేయిస్తున్నది కోల్‌గ్రోవ్ గారు. ఆ చుంచును వేటకు పోయినప్పుడు తానే మొదట చూశానని విందుల్లో చెప్పుకుంటున్నారు. పదిమందిలో నన్ను అడిగారు, అవునా ఫార్నమ్ అని. నేను అవునన్నాను."

"ఆయన కూడా చూశాడా! ఒరే, ఈ బోస్టన్ వాళ్ళకు చూపు మహా ఎక్కువరా. మంచం దిగకుండా అన్నీ కనిపిస్తాయి!"

"ఇంకేదైనా అడగండి, అసాహెల్ గారూ. ఇదొక్కటి తప్ప."

"ఇదొక్కటే తప్ప."

"అవును."

"సరే. కలం ఇవ్వండి."

"ఏమిటి?"

"కలం. సిరాబుడ్డి ఆ గూట్లో ఉంది. అక్కా, కాస్త జరుగు."

"ఒరే అసాహెల్, ఆ పని చేయకురా. నా మీద ఒట్టు. అడిగింది ఇవ్వలేదు కదరా, ఎందుకు చేస్తున్నావు? ఆ తలుపు నీది. లోకం మొత్తంలో నువ్వొక్కడివే చూశావు. ఊరికే ఇచ్చేస్తావా?"

"ఊరికే ఇవ్వడం లేదు."

"మరేం పుచ్చుకున్నావు? …అయ్యో, చేశాడు. చేసేశాడు, దేవుడా!"

"మీ మనసు పెద్దది, అసాహెల్ గారూ. నేను మరిచిపోను. సూక్ష్మదర్శిని తప్పకుండా పంపిస్తాను."

"పంపొద్దు. సిరా ఆరనివ్వండి. ఆరాక మడిచి జేబులో భద్రంగా పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇప్పుడొక మాట చెప్తాను. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు."

"అంటే?"

"ఆ తలుపును నేను చూడలేదు. నా పరిశీలన కాదు. చూశానని చెప్పుకునే హక్కు మీ ఒక్కరిదే. అక్షరాలా నిజం."

"అసాహెల్ గారూ, ఇప్పుడు ఈ ఎత్తిపొడుపు దేనికి?"

"ఎత్తిపొడుపు కాదు. ఆ తలుపు లేదు."

"లేదంటే?"

"లేదు. ఏ చుంచూ ఏ తలుపూ పెట్టుకోదు. ఆ పొద్దున నేను ఇంటి వెనక బర్చ్ తోపు దాకా కూడా పోలేదు. కొట్లో గుండ్రటి రేకు మూత కత్తిరిస్తుంటే తోచింది. వచ్చి రాశాను. నేను చూసిందల్లా మీరు చూసినట్టు అచ్చవుతోంది కదా, లేనిది రాస్తే కూడా చూస్తాడా ఈ పెద్దమనిషి అనుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండానే మీ వ్యాసంలో చూశారు. మోకాలి లోతు మంచులో చూశారు. ఇవాళ గడ్డి కీళ్ళు కూడా చూశారు. ఇంతకీ, ప్రొఫెసరు గారూ, ఎక్కడ చూశారు?"

"నువ్వు… నువ్వు శాస్త్రంలో అబద్ధం రాశావా?"

"ఒక్కటి. మీ ఒక్కరికే రాశాను. నేను అచ్చు వేయించలేదు."

"నాశనం చేశావయ్యా నన్ను! ఈ కాగితం ఇప్పుడే చించేస్తాను."

"చించండి. మెర్రో గారు సోమవారం వస్తున్నారు, కన్నాలు తవ్వి చూడడానికి పారలూ గునపాలూ పట్టుకుని. మీరు రాకముందే నాకు ఉత్తరం రాశారు. ఆయనకూ ఇదే చెప్తాను. కాగితం ఉంచుకుంటే, లేనిదాన్ని చూశానన్నవారు మీరొక్కరే. చించేస్తే, ఒక రేకు పనివాడి అబద్ధాన్ని దొంగిలించినవారు. మీ ఇష్టం."

"నిన్ను మాత్రం ఎవరు నమ్ముతారు? నువ్వు రాసిన నిజాలన్నీ కూడా పోతాయి. ఇరవై రెండేళ్ళవీ!"

"పోనివ్వండి. అవి నావని ఎవడికి తెలుసు గనక?"

"ఒక్క వాక్యం… ఆ ఒక్క వాక్యం నేను రాసి ఉంటే?"

"సంతకం పెట్టి నోరు మూసుకునేవాణ్ణి. మెర్రోకు కూడా తలుపు మీదేనని చెప్పేవాణ్ణి. మీరు రాస్తారనే అనుకున్నాను."

"బండి… బండి ఎక్కడుంది?"

"గడప బయటే ఉంది. చూసుకుని దిగండి, మెట్టు ఊగుతుంది."

"పోనియ్యవయ్యా బండి, స్టేషన్‌కు!"

"చూశావా అక్కా! తేలు కుట్టిన దొంగలా పోయాడు. టోపీ ఇక్కడే మరిచిపోయాడు! నాలుగున్నరేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. నీకు కూడా చెప్పలేదు, చెప్తే నువ్వు పట్టలేక ఎక్కడైనా అనేస్తావని. నీ పేరు తుడిచేసినవాడి పేరు ఇక లండన్ దాకా తుడుచుకుపోతుంది. …ఏమిటక్కా? నువ్వు నవ్వుతావనుకున్నాను."

"తలుపు లేదా?"

"లేదు. విన్నావుగా."

"ఎక్కడా లేదా? మన వెనక బర్చ్ తోపులో కూడా?"

"ఎక్కడా లేదక్కా. ఏమిటి, అలా కూర్చున్నావు?"

"నువ్వు రేకు సామాను అమ్మడానికి బండి కట్టుకుని ఊళ్ళు పోయేవాడివి చూడు, నువ్వు మలుపు తిరగ్గానే నేను తోపులోకి పోయేదాన్ని. రెండు చలికాలాలురా. ఒక్కో కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నీ ఏడు పేజీలూ నాకు నోటికొచ్చు. ఆ తలుపును ఉన్నదున్నట్టు గీసి నీ చేతిలో పెట్టాలని. ఫార్నమ్ ఏం రాసుకున్నా, బొమ్మ మనదే ఉండాలని."

"నాతో ఒక్క మాట అనలేదే!"

"ఏమని అనను? తమ్ముడికి ఒక్క పొద్దున్నే కనిపించింది, నాకు రెండేళ్ళకూ కనిపించలేదని చెప్పనా? సిగ్గేసింది. ఇంత పెద్ద సంగతి కంటికి ఆననిదాన్ని, ఇన్నాళ్ళూ నేను గీసిన పళ్ళూ తోకలూ మాత్రం సరైనవేనా అని భయం పట్టుకుంది. ఆ కోల్‌గ్రోవ్ చుంచు కూడా వేరు జాతి అవునో కాదో, వీళ్ళందరూ నా మాట విని మోసపోయారేమో అనుకున్నాను. అందుకే చుట్టేశానురా కుంచెలు. కోల్‌గ్రోవ్ గాడి కోసమా నేను బొమ్మలు మానేది?"

"అక్కా… నేను నీ కోసమే…"

"తెలుసు. నువ్వు నా కోసమే చేశావు. …నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట."